ఎత్తు మీద గలగల

"చెవులు ఇంట్లో పెట్టి డ్యూటీకి వస్తున్నారా మీరంతా? ఒక మనిషిని హంతకుడని లోపల తోశారు. మీలో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, ఆ బండిని ఎత్తు ఎక్కించి చూశాడా?"

మొండక్క అరుపుకి స్టేషన్లో టైపు కొడుతున్నవాడి వేళ్ళు గాల్లోనే ఆగిపోయాయి. ఇన్‌స్పెక్టర్ మాత్రం కదల్లేదు. చొక్కా మడత నలక్కుండా కూర్చోవడం ఆయనకి బాగా వచ్చిన విద్య.

"మేడమ్, కాస్త నెమ్మది. ప్రైవేటు డిటెక్టివులకి గొంతు ఉచితమని నాకూ తెలుసు. ఇది స్టేషను."

"స్టేషనే అయితే దర్యాప్తు ఏదీ?"

"అయిపోయింది. మధ్యాహ్నం కోర్టుకి తీసుకెళ్తున్నాం."

అదీ వాళ్ళ లెక్క. మొన్న పొద్దున అద్దకం మాస్టారు తన షెడ్డులోనే కాలిపోయాడు. గుడ్డలకి రంగు పట్టించే పెద్ద గుండిగ కింద కిరసనాయిలు పొయ్యి పేలింది. పొయ్యిలో మిగిలిన చుక్కల్లోనూ, గోడ అవతల బయట పెట్టిన డబ్బాలోనూ కిరసనాయిలుతో పాటు పెట్రోలు కలిసి ఉందని పరీక్షలో తేలింది. డబ్బా తెచ్చింది బావమరిది. ముందురోజే బావ అతన్ని "నీ డొక్కు కారూ నువ్వూ నా షెడ్డు ఖాళీ చెయ్యండి" అని వీధంతా వినేలా తిట్టాడు. ఇంకేం కావాలి? కోపం ఉంది, డబ్బా ఉంది, మనిషి దొరికాడు. దొరికినవాడే దోషి. ఇంతకన్నా సుఖమైన దర్యాప్తు ప్రపంచంలో ఎక్కడా లేదు.

గోడవారగా బెంచీ మీద మాస్టారి భార్య కూర్చుంది. చేతులు మణికట్టు దాకా నీలం. ఏళ్ళ తరబడి రంగులో ముంచిన చేతులు, ఎంత కడిగినా పోదు. మొన్నటి నుంచి ఆమె ఏడవలేదు. మొండక్కని పిలిపించుకున్నప్పుడు ఒక్కటే అంది:

"మా తమ్ముడే చేశాడని తేలితే చెప్పండక్కా, నేనే వెళ్ళి వాడి మొహాన ఉమ్మేస్తా. చెయ్యలేదని తేలితే అదీ తొందరగా చెప్పండి. ఎవరి కోసం ఏడవాలో తెలీకుండా కూర్చున్నాను."

ఆ మాట మొండక్క చెవిలోంచి పోలేదు. అందుకే ఇవాళ ఆ అరుపు.

ఆమె నేరుగా లాకప్ ఊచల దగ్గరికి వెళ్ళింది. ఇన్‌స్పెక్టర్ అడ్డు చెప్పేలోపే మొదటి ప్రశ్న అడిగేసింది.

"ఏమయ్యా, మాస్టారు గుండిగలోంచి గుడ్డలు తీసే టైముకి వస్తానన్నావట. ఎందుకు రాలేదు?"

బావమరిది లేచి నిలబడ్డాడు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"బండి కొట్టుకుందక్కా. గుడ్డల మూటలు వేసుకుని ఎత్తు ఎక్కుతుంటే ఇంజన్ పగిలిపోతుందేమో అనిపించింది. మధ్యలో ఆపి చల్లారనిచ్చా. తిరిగొచ్చేసరికి..." మిగతాది మింగేశాడు.

"విన్నారా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్ వెనకనుంచి. "మా డ్రైవరు ఆ బండిని ఆవరణలో స్టార్ట్ చేసి చాలాసేపు విన్నాడు. పిల్లి పడుకున్నట్టు ఉంది. కొట్టుకోవడమూ లేదు, కొరుక్కోవడమూ లేదు. వీడు సందు చివర నిలబడి షెడ్డు పేలేదాకా చూశాడు. అంతే."

మొండక్క వెనక్కి తిరగలేదు.

"ఎప్పట్నుంచి కొట్టుకుంటోంది?"

"ఆ పొద్దున్నుంచే. అంతకుముందు రోజు కూడా అదే ఎత్తు, అంతే బరువు. ఏం లేదు."

"చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా?"

"వేడెక్కాకే."

"అడుగునుంచి మొద్దుగా దబదబా? పైనుంచి టిక్కుటిక్కా?"

"రెండూ కాదు. గాజు సీసాలో మేకులు పోసి ఊపినట్టు. గలగలగల. కాలు తీస్తే టక్కున పోయేది. మళ్ళీ తొక్కితే మళ్ళీ గలగల."

మొండక్క కళ్ళు చిన్నవయ్యాయి. డిటెక్టివ్ బోర్డు కట్టకముందు ఆమె ఇన్సూరెన్సు వాళ్ళకి చచ్చిన బండ్లు కోసి చూసే పని చేసేది. అబద్ధమాడేవాడు ఇంజన్ శబ్దాన్ని 'డబ్ డబ్' అంటాడు, లేకపోతే 'ఏదో తేడాగా' అంటాడు. కాలు తీస్తే పోయిందని ఎవడూ కల్పించి చెప్పలేడు. విన్నవాడే చెప్పాలి.

"పెట్రోలు ఎక్కడ పోయించావు?"

"మలుపు బంకులో. బండికి పెట్రోలు, బావకి డబ్బాలో కిరసనాయిలు. రెండూ అక్కడే, ఆ పొద్దున్నే."

మొండక్క ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. "తాళాలు ఇవ్వండి. మీరూ రండి. నేను అబద్ధం పుట్టిస్తానని మీ భయం కదా, పక్కన కూర్చుని చూడండి."

ఇన్‌స్పెక్టర్ గోడ గడియారం చూసి నవ్వాడు. "పదండి. కోర్టుకి ముందు షికారు ఒంటికి మంచిదే."

మాస్టారి భార్య ఎవరూ పిలవకుండానే లేచింది. ఎవరూ వద్దనలేకపోయారు. వెళ్ళి కారు వెనక సీట్లో కూర్చుంది.

కారు పాతది. రంగు వెలిసి అసలు ఏ రంగో తెలియకుండా పోయిన కారు. మొండక్క బానెట్ లేపింది. ఆయిలు పుల్ల లాగి తుడిచి, ముంచి, మళ్ళీ లాగి చూసింది. ఆయిలు నిండుగానే ఉంది. వేళ్ళ మధ్య రుద్దింది. ఇనప పొడి మెరుపు లేదు. స్టార్ట్ చేసి, పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కి ఆనించి పిడి చెవికి పెట్టుకుంది. అడుగున ఒకచోట, పక్కన ఒకచోట, పైమూత మీద ఒకచోట.

"ఏమంటోంది?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"మీ గురించి ఇంకా ఏమీ అనలేదు. అదృష్టవంతులు."

నిజానికి ఏమీ అనలేదు, ఎవరి గురించీ. అడుగున బేరింగు అరిగితే మొద్దు దెబ్బ వినపడాలి, లేదు. పిస్టన్ వదులైతే చల్లటి ఇంజన్లోనే టపటపలాడాలి, లేదు. పైన వాల్వుల టిక్కుటిక్కు మామూలే. పోలీసు డ్రైవరు అబద్ధం రాయలేదు. నిలబెట్టిన బండిని విని నిలబెట్టిన బండి సంగతే రాశాడు. ఈ రోగం నిలబడితే పలకదు. బరువు మొయ్యమంటేనే మూలుగుతుంది.

ఇంజన్ వేడెక్కేదాకా తిప్పి ఎత్తు మొదట్లోకి తీసుకొచ్చింది. రెండో గేరు. కాలు గట్టిగా అదిమింది.

సగం దూరం ఏమీ లేదు. ఇన్‌స్పెక్టర్ జేబురుమాలుతో మోకాలి మీద దుమ్ము దులుపుకున్నాడు.

అప్పుడు మొదలైంది. గలగలగలగల. ఎవరో బానెట్ కింద మేకుల సీసా పట్టుకుని కసిగా ఊపుతున్నట్టు. ఇన్‌స్పెక్టర్ చెయ్యి రుమాలుతో సహా ఆగిపోయింది. మొండక్క కాలు తీసింది. నిశ్శబ్దం. అదిమింది. గలగల. తీసింది. నిశ్శబ్దం.

"వాడు చెప్పింది చెప్పినట్టు," అంది.

ఇన్‌స్పెక్టర్ రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "డొక్కు బండి. డొక్కు బండ్లు కొట్టుకుంటాయి. దానికీ పెట్రోలు డబ్బాకీ ఏం సంబంధం?"

"అది తేల్చడానికే పైకి వెళ్తున్నాం."

ఎత్తు పైన ఒక రేకుల గ్యారేజీ. దాని యజమానిని అందరూ ఓవర్‌హాలు మేస్త్రి అంటారు. హారన్ పలకడంలేదని వెళ్ళినా ఇంజన్ దించాలనే మనిషి. కారు ఆగడంతోనే, దిగినవాళ్ళ మొహాలైనా చూడకుండా తీర్పు చెప్పేశాడు.

"ఎక్కేటప్పుడే విన్నా. పోయింది. ఓవర్‌హాలే."

"మూత తియ్యకుండానే చెప్పావే!"

"తీస్తే మాత్రం మారుతుందా అక్కా? ఈ వారం ఇదే కూత కూస్తూ ఇంకో నాలుగు వచ్చాయి. నాలుగింటికీ ఓవర్‌హాలే చెప్పా."

మొండక్క బానెట్ లేపబోయి ఆగింది.

"నాలుగా? ఇదే గలగలా?"

"అచ్చం ఇదే."

"అన్నీ పాతవేనా?"

"పాతవే. కొత్త బండ్లవాళ్ళు కూడా వస్తున్నారు గానీ వాళ్ళ ఏడుపు వేరు. బండి లాగడం లేదు, పెట్రోలు తాగేస్తోంది అంటారు. శబ్దం లేదు."

"ఉండదు." మొండక్క మాట మెల్లగా వచ్చింది, తనకి తను చెప్పుకుంటున్నట్టు. "కొత్త ఇంజన్లకి లోపల చెవి ఉంటుంది. గలగల మొదలవగానే కంప్యూటరు నిప్పుని కాస్త ఆలస్యం చేసి నోరు మూయిస్తుంది. నడిపేవాడికి తెలియనివ్వదు. పాతవాటికి ఆ ఏర్పాటు లేదు, అందుకని అరుస్తాయి. ఏమయ్యా మేస్త్రీ, ఐదు బండ్లకి ఒకే వారంలో ఒకే జబ్బు వస్తే అది బండ్ల జబ్బేనా?"

మేస్త్రి తల గోక్కున్నాడు. "గిరాకీ పెరిగిందనుకున్నా."

మిగిలిన అనుమానాలు ఒక్కొక్కటే తీసి పక్కన పడేసింది. వేడి ముల్లు ఎక్కడుండాలో అక్కడే ఉంది. ప్లగ్గులు విప్పించింది. అవి ఆ ఇంజన్‌వే, మసి కూడా ఎక్కువ లేదు. టైమింగు లైటు పెట్టించింది. గుర్తు గుర్తుకి ఎదురుగా ఉంది, నిప్పు పడాల్సిన క్షణానికే పడుతోంది. అన్నీ సరిగ్గా ఉండి కూడా లోపల మంట తన టైము రాకముందే పేలుతోందంటే, పేలేదాంట్లోనే దోషం.

"నీ దగ్గర పాత పెట్రోలుందా? ఈ వారానిది కాకూడదు, మలుపు బంకుది కాకూడదు."

మేస్త్రి సామాన్లు కడుక్కునే పెట్రోలు డబ్బా తెచ్చాడు, పోయిన నెల వేరే చోట కొన్నది. కారు ట్యాంకు నుంచి వచ్చే గొట్టం ఊడదీసి, డబ్బా నుంచి వచ్చే గొట్టం తగిలించారు.

"నేను నడుపుతా," అన్నాడు ఇన్‌స్పెక్టర్ హఠాత్తుగా. "మీ కాలు మీద నాకు నమ్మకం లేదు."

"చాలా సంతోషం. మీ కాలు మీద మీకైనా ఉండాలి."

కార్బురేటర్లో మిగిలింది ఖర్చయ్యేదాకా ఇంజన్ తిప్పి, కిందకి దింపి, రెండో గేరులో ఎక్కించాడు. మేకులు లేవు, సీసా లేదు. దింపి మళ్ళీ ఎక్కించాడు. నునుపుగా, నూనె పూసినట్టు ఎక్కింది. మూడోసారి ఎక్కించి దిగి, తాళాలు మొండక్క చేతిలో పెట్టాడు.

మొండక్క మేస్త్రి గోడ మీది క్యాలెండరు నుంచి అయిపోయిన నెల కాగితం చించింది. వెనకవైపు రెండు చుక్కలు వేసింది, డబ్బాది ఒకటి, కారు ట్యాంకుది ఒకటి. ఊదింది. మొదటి చుక్క చూస్తుండగానే ఎగిరిపోయింది, కాగితం పొడిగా మిగిలింది. రెండోది ఎండలేదు. నూనె మరకలా గుండ్రంగా పాకి అలాగే ఉండిపోయింది.

"కిరసనాయిలు," అంది. "బండి తాగిన పెట్రోలులో కిరసనాయిలుంది."

ఇన్‌స్పెక్టర్ ఆ మరకని వేలితో రుద్ది చూశాడు. ఆయన మూర్ఖుడు కాదు, అదే మొండక్కకి ఆయనతో బాధ. తల ఎత్తినప్పుడు కళ్ళలో పాత పదును తిరిగొచ్చింది.

"సరే. బండి కొట్టుకుంది, వాడు ఆలస్యమయ్యాడు, ఒప్పుకుంటున్నా. బంకువాడు కల్తీ చేశాడు. కిరసనాయిలు చవక, పెట్రోలు ఖరీదు. చవకదాన్ని ఖరీదైనదాంట్లో కలిపి అమ్మితే లాభం. బాగుంది. మరి డబ్బాలో పెట్రోలు ఎలా వచ్చింది మేడమ్? ఖరీదైనదాన్ని చవకదాంట్లో పోసి చవగ్గా అమ్మే వెర్రివాడు ఎవడు? ఏ బంకువాడూ చెయ్యడు. అది మీ కుర్రాడి పనే. మీరు ఇంతసేపూ తేల్చింది బండి కేసు. హత్య కేసు ఎక్కడున్నది అక్కడే ఉంది."

మొండక్క కాగితం తిరగేసింది, మళ్ళీ మరక వైపు తిప్పింది. తిప్పి కొట్టడానికి దాని మీద ఏమీ దొరకలేదు.

కారు వెనక తలుపు తెరుచుకుంది.

"మా ఆయన వాసన పట్టాడు," అంది మాస్టారి భార్య. ఆ పొద్దున ఆమె మాట్లాడటం అదే మొదలు. "డబ్బా మూత తీసి, ఇదేంటే తేడాగా ఉంది అన్నాడు. నేను లోపల్నుంచి, కొత్త సరుకేమోలెండి, నీళ్ళు చల్లారిపోతాయి పొయ్యండి అన్నా. ఆయన పొయ్యి ఆర్పి పొయ్యడు. ఎప్పుడూ అంతే. మంట తగ్గించి, డబ్బాలోంచి చెంబుతో తెచ్చి వేడి మీదే పోసేస్తాడు. ఇన్నేళ్ళూ ఏం కాలేదు." నీలం చేతులు ఒళ్ళో బోర్లా పడి ఉన్నాయి. "మా తమ్ముడు డబ్బా నా చేతికిచ్చి వెళ్ళాడు. వాడికి తెలిసుంటే నా చేతికిస్తాడా?"

మేస్త్రి తలమీది టోపీ తీసేశాడు.

మొండక్క మెల్లగా ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. "లాభం కోసం ఎవడూ చెయ్యడన్నారు. నిజం. అయితే లాభం కోసం జరగలేదు. పెట్రోలులోకి కిరసనాయిలు, కిరసనాయిల్లోకి పెట్రోలు. ఒకే బంకు, ఒకే పొద్దున. ఇది కల్తీ కాదు. తారుమారు."

ఇన్‌స్పెక్టర్ అప్పటికే వైర్‌లెస్‌లో తన జీపుని మలుపు బంకుకి రమ్మంటున్నాడు.

మలుపు బంకు పెళ్ళికూతురిలా మెరుస్తోంది. గోడలు తెలుపు, స్తంభాలు తెలుపు, చివరికి చెత్తడబ్బా కూడా తెలుపు. ఆఫీసు గది గుమ్మం మీద అద్దాల ఫ్రేములో 'అందమైన బంకు, మొదటి బహుమతి'. బంకు యజమాని చేతులు జోడించుకుంటూ ఎదురొచ్చాడు.

"రండి సార్, రండి. చల్లగా ఏదైనా..."

"ట్యాంకరు లారీ ఆఖరిసారి ఎప్పుడొచ్చింది?" అంది మొండక్క.

"ఈవిడెవరు సార్?"

"ఆవిడ అడిగినదానికి చెప్పు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. మొండక్క ఒక్క క్షణం ఆయనకేసి చూసింది.

"మాస్టారు పోయిన రోజుకి ముందు సాయంత్రమండి. పాపం, మంచాయన."

"ఎప్పుడూ వచ్చే మనిషేనా?"

"కాదండి, కొత్తవాడు. ఏమైందిప్పుడు?"

మొండక్క జవాబివ్వకుండా ఆవరణ చివరికి నడిచింది. నేలలో పాతిన ట్యాంకుల మూతలు రెండు అక్కడే ఉన్నాయి. లారీవాడు గొట్టం తగిలించేది వాటికే. రెండూ పాలలా తెల్లగా ఉన్నాయి. వంగి, కారు తాళంతో ఒకదాని అంచు గీకింది. తెల్లరంగు కింద ఎరుపు. రెండోది గీకింది. తెల్లరంగు కింద నీలం.

లేచి తాళంతో రెండు మూతలనీ చూపించింది.

"ఎరుపు పెట్రోలుకి, నీలం కిరసనాయిలుకి. ఎంత కొత్తవాడైనా తప్పు చెయ్యకూడదని వేసిన రంగులివి. వీటికి తెల్లరంగు ఎవడు వెయ్యమన్నాడు?"

"బహుమతి కమిటీ వస్తోందని... అన్నీ ఒక్క రంగులో ఉంటే కంటికి ఇంపుగా ఉంటుందని..." యజమాని నవ్వబోయాడు. "అయితే ఏమైందండి? మా సరుకు స్వచ్ఛం. మీరే పరీక్ష చేసుకోండి."

"చేద్దాం. కిరసనాయిలు ఒక చెంచాడు పట్టండి."

బంకుకి దూరంగా, రోడ్డు దాటి, ఖాళీ స్థలంలో ఒక రాయి మీద ఆ చెంచా పెట్టించింది. ఇన్‌స్పెక్టర్ దగ్గర అగ్గిపెట్టె అడిగి తీసుకుని, పుల్ల ఒకటి తీసి యజమాని చేతికిచ్చింది.

"మీకు తెలియనిది కాదు. మంచి కిరసనాయిలుకి చెంచాలో అగ్గిపుల్ల చూపిస్తే అంత తేలిగ్గా అంటుకోదు. వత్తి కావాలి, వేడి కావాలి. గీయండి. వంగి, దగ్గరగా పెట్టండి. సార్ చూస్తారు."

యజమాని పుల్ల పట్టుకున్నాడు. పెట్టె పట్టుకున్నాడు. గియ్యలేదు. కాళ్ళు మాత్రం వాటంతటవే ఒక అడుగు వెనక్కి వేశాయి, ఇంకో అడుగు వేశాయి.

"ఏం? మీ సరుకే కదా?"

"గాలి... గాలిగా ఉందండి."

"సరే, నాకివ్వండి. నేను గీస్తా." మొండక్క పుల్ల లాక్కుని చెంచా మీదికి వంగింది.

"వద్దు!" యజమాని కేకకి రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగారు. "వద్దమ్మా! మొహం కాలిపోతుంది!"

అన్నవాడికి కూడా అన్నాకే తెలిసింది తనేమన్నాడో.

మొండక్క పుల్ల విరిచి పారేసింది.

"తెలుసు నీకు."

"ఒకే లారీలో రెండు సరుకులూ వచ్చాయి. తారుమారుగా సగం దింపాక వాసన పట్టి నేనే ఆపించానమ్మా." యజమాని కూలబడ్డాడు. "గొట్టాలు మార్పించి మిగతాది సరిగ్గానే పోయించా. సగమే... కలిసిపోతుంది, ఏం కాదులే అనుకున్నా. రెండు ట్యాంకులూ తోడి పారబోస్తే కంపెనీకి తెలుస్తుంది, బహుమతి వెనక్కి..."

"మాస్టారు కాలిపోయాడని విన్నాక?"

యజమాని రోడ్డవతల మెరుస్తున్న తన బంకు వైపు చూశాడు.

"విన్నాక కూడా అమ్మావా? ఇవాళ పొద్దున?"

"...అమ్మాను."

ఇన్‌స్పెక్టర్ అతని కాలరు పట్టుకుని లేపాడు. ఆయన చొక్కా మడత అప్పుడు నలిగింది. "ఎవరెవరికి అమ్మావురా?"

"ఎవరని చెప్పను సార్! డబ్బా పట్టుకొచ్చిన వాళ్ళందరికీ."

"నీ ఇంట్లో పొయ్యి దేంతో వెలుగుతుంది?" అంది మొండక్క.

వాడు తల దించుకున్నాడు. "కరెంటు పొయ్యి అండి."

చూశారా? ఒక బహుమతి ఫ్రేము కోసం ఊరి పొయ్యిలన్నిటి కింద మందు కూరి, తను మాత్రం స్విచ్చి నొక్కుకుని అన్నం వండుకుంటున్నాడు. ఐదు పాత బండ్లు రెండు రోజులుగా గలగలా అరిచి చెప్పాయి. ఒకడు ఓవర్‌హాలన్నాడు, ఒకడు డొక్కన్నాడు, ఒకడు కేసు కట్టాడు.

"అక్కా."

రోడ్డు మధ్యలో మాస్టారి భార్య నిలబడి ఉంది. కారు దిగి ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. ఆ మొహం చూసి మొండక్క ఎదురెళ్ళింది.

"పొద్దున ఇంట్లో కిరసనాయిలు నిండుకుంది. నేనే డబ్బా పంపించి ఇక్కణ్ణుంచి తెప్పించా. మా అత్తగారు ఒక్కతే ఉంది. మధ్యాహ్నానికి నీ తమ్ముడికి అన్నం పట్టుకెళ్తాను, పొయ్యి వెలిగిస్తా అంది. ఆవిడ దగ్గరే ఆయనకీ అలవాటైంది అక్కా, పొయ్యి ఆర్పకుండా పొయ్యడం..."

ఇన్‌స్పెక్టర్ గడియారం చూడలేదు. నడినెత్తి మీది ఎండ చూశాడు. ఊళ్ళో ప్రతి ఇంట్లో పొయ్యి దగ్గరికి ఎవరో ఒకరు వెళ్ళే వేళ.

"జీపు తియ్యి!" అని అరిచాడు డ్రైవరు మీద. యజమానిని కానిస్టేబుల్ మీదికి తోసి, ముందు సీట్లోకి దూకి జీపు లౌడ్‌స్పీకరు మైకు అందుకున్నాడు. నోరు తెరిచాడు. ఏం చెప్పాలో తెలియక ఆగాడు. రెండు రోజులు తప్పు మనిషిని కట్టేసి, ఈ బంకుని తెరిచి ఉంచిన గొంతు అది.

"నా పేరు చెప్పినా, మీ పేరు చెప్పినా ఎవడూ ఆగడు," అంది మొండక్క, మాస్టారి భార్యని వెంటబెట్టుకుని వెనకకి ఎక్కుతూ. "ఆమెకివ్వండి."

నీలం చేతులు మైకు పట్టుకున్నాయి. జీపు మలుపు తిరిగి ఆమె ఇల్లున్న వీధి వైపు దూసుకెళ్ళింది. ఎప్పటినుంచో ఆగిపోయిన ఏడుపు, అరుపు, అన్నీ ఒక్కసారే గొంతులోంచి బయటికొచ్చాయి.

"అద్దకం మాస్టారి పెళ్ళాన్ని మాట్లాడుతున్నా! నా మొగుడు కాలిపోయింది దీనితోనే! మలుపు బంకు కిరసనాయిలు కొన్నవాళ్ళు అగ్గిపుల్ల గియ్యకండి! వెలిగించిన పొయ్యిలో పొయ్యకండి, ఆర్పెయ్యండి, ఇళ్ళలోంచి బయటికి రండి! అత్తా! వినపడుతోందా అత్తా! ఆ పొయ్యి ముట్టుకోకు! బంకు తాళం వెయ్యండి! మా తమ్ముణ్ణి వదలండి! ముందు ఆర్పండి, పొయ్యిలు ఆర్పండి, ఇప్పుడే ఆర్పండి!"